పత్తి కోసం గీసిన సరిహద్దు

భద్రాచలంలో స్వామిని సేవించుకొని పర్ణశాలకు బయలుదేరే యాత్రికులు దారిలో దుమ్ముగూడెం దాటిపోతారు. అక్కడ గోదావరికి అడ్డముగా ఒక పాత రాతి ఆనకట్ట ఉన్నది. దాని ప్రక్కన పడవలు పోవుటకు త్రవ్విన కాలువ, లాకుల కట్టడాలు ఉన్నవి. యాత్రికుల దృష్టి సీతమ్మవారి నారచీరల మీదనే ఉండును గనుక ఈ రాళ్ళను నిలిచి చూసేవారు తక్కువ. చూసినవారు మాత్రం ఒక ప్రశ్న వేయక మానరు. ధవళేశ్వరం ఆనకట్ట క్రింద లక్షల ఎకరాల మాగాణి ఉన్నది. దుమ్ముగూడెం చుట్టూ ఉన్నది అడవి, కోయ పల్లెలు. ఇంత రాయి ఇక్కడ ఎవరి కోసం పేర్చినట్లు?

ఈ ప్రశ్నకు జవాబు ఖమ్మంలోగాని, భద్రాచలంలోగాని, మద్రాసులోగాని దొరకదు. ఇంగ్లండులో మాంచెస్టరు నగరాన మిల్లు యజమానులు, వర్తకులు కూడిన సభలలో దొరుకుతుంది. ఆనకట్ట ఒక్కటే కాదు. గోదావరి ఈ గట్టు ఒక రాజ్యము, ఆ గట్టు మరొక రాజ్యము అన్న విభజన కూడా ఆ సభల కోరికను అనుసరించి వచ్చినదే. ఖమ్మం జిల్లాకు, భద్రాచలం మన్యానికి నడుమ దాదాపు నూరేండ్లు నిలిచిన సరిహద్దు కథ ఇది.

మొదట ఈ సరిహద్దు లేని రోజులను తలచుకొందాము. కంచెర్ల గోపన్న ఖమ్మం దాపున ఉన్న నేలకొండపల్లివాడు. ఆయన తహశీలుదారుగా ఉన్నది నదికి కుడిగట్టునగల పాల్వంచ పరగణాకు. ఆయన గుడి కట్టించినది ఎడమగట్టున, భద్రగిరి మీద. కుడిగట్టు అధికారి ఎడమగట్టున గుడి కట్టించినందుకు గోలకొండ ప్రభువు సొమ్ము లెక్క అడిగినాడే గాని, అది పరాయి గడ్డ అనలేదు. నది ఆనాడు దాటుటకు ఉన్నది; ఆపుటకు కాదు.

అడవి కూడా ఆపలేదు. బంజారాలు వేలకొలది ఎద్దుల మీద సముద్రపు ఉప్పును ఎత్తుకొని నాగపూరు సీమకు పోయెడివారు. తిరుగుదారిలో బీరారు, నాగపూరు నల్లరేగళ్ళలో పండిన పత్తిని తెచ్చెడివారు. ఆ పత్తి మన కోస్తా సీమలోని వడుకు కత్తెలకు, సాలెలకు చేరెడిది. వారి చేతిలో వస్త్రమై మచిలీపట్నం వంటి రేవులలో ఓడలెక్కెడిది. శ్రోతలు ఈ ఒక్క సంగతిని మనసులో ఉంచుకోవలెనని మా మనవి: పత్తి ఈ దిక్కుకు రావటం క్రొత్త కాదు. అది ఎవరి మగ్గానికి పోవలెనన్నదే తరువాత మారినది.

వర్తకులు సంఘముగా కూడి దేశాంతర వ్యాపారాన్ని శాసించుట కూడా మనకు క్రొత్త కాదు. కన్నడ దేశంలోని ఐహొళె పేరు పెట్టుకొన్న అయ్యావొళె ఐదువందల స్వాముల శ్రేణి దక్షిణాపథమంతటా వ్యాపించి సముద్రాన్ని కూడా దాటినది. సుమత్రా దీవిలో బారుసు రేవు దగ్గర 1088లో వారు వేయించిన తమిళ శాసనం దొరికినది. మన శాసనాలలో స్వదేశ, పరదేశ వర్తకులు కలిసిన కూటమిని ఉభయ నానాదేశి పెక్కండ్రు అన్నారు. వారు దేవళంలోనో, సంత కూడలిలోనో సమావేశమై తమ సరకుల మీద తామే ఇంత అని మగము నిర్ణయించుకొని, దానిని దేవునికి విడిచి, ఆ మాట రాతి మీద చెక్కించెడివారు. సుంకం విధించినవారు, చెల్లించినవారు, చెల్లించిన చోటు అన్నీ ఆ రాతిలోనే ఉండెడివి.

రాజు కూడా వర్తకులతో అట్లే మాట్లాడినాడు. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనం ప్రసిద్ధమైనది. గాలివానకు చెదరి తీరానికి కొట్టుకొని వచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలిమిని లాగుకొనెడివారనీ, తాను నిర్ణీత సుంకము తప్ప మరేమియు పుచ్చుకొననని మాట యిచ్చుచున్నాననీ దాని సారాంశము. చందనము, కర్పూరము, ముత్యాలు, ఏనుగు దంతము, పట్టునూలు, మిరియాలు మొదలైన సరకులకు ఏది ఎంత అని అందులో వరుసగా చెప్పినారు. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే రేవున వర్తకులకు మరల అభయమిచ్చినాడు. పరదేశి వచ్చి చదువుకొనవలసిన చోటనే, రేవులోనే, షరతులు నిలిచినవి. మాంచెస్టరు సభలకు, ఈ సభలకు భేదం ఎక్కడ ఉన్నదో చెప్పుటకే ఇంత వెనుకకు పోయినాము.

పందొమ్మిదవ శతాబ్దపు నడిమికి మాంచెస్టరు ప్రపంచానికి బట్ట నేసి పెట్టుచున్నది. దాని మిల్లులకు కావలసిన దూదిలో అయిదింట నాలుగు పాళ్ళు అమెరికా దక్షిణ రాష్ట్రాల నుండి వచ్చెడిది. ఆ పంట నీగ్రో బానిసల చెమట మీద పండుచున్నది. బానిసత్వం ఏనాటికైనా తగవుకు దారితీయునని, ఆనాడు మిల్లులు మూతపడునని మాంచెస్టరు వర్తకులకు భయము. 1848లో జాన్ బ్రైట్ అధ్యక్షుడుగా పార్లమెంటు సంఘమొకటి భారతదేశంలో పత్తి సాగును గురించి విచారించినది. 1850లో మాంచెస్టరు వాణిజ్య సంఘం అలెగ్జాండరు మెకే అనే పాత్రికేయుని తన ఖర్చు మీద ఇక్కడికి పంపినది. ఆయన తిరిగి పోవుచు 1852లో మరణించినాడు. నివేదిక మాత్రం మరుసటి యేడు అచ్చయినది. 1857లో పత్తి సరఫరా సంఘమని ప్రత్యేకముగా ఒక సంస్థ వెలసినది. పార్లమెంటు సభ్యుడైన జాన్ చీతం దాని అధ్యక్షుడు. వాణిజ్య సంఘాన్ని చాలాకాలం నడిపిన టామస్ బేజ్‌లీ కూడా పార్లమెంటులో కూర్చున్నవాడే. ఈ సంఘం ఈజిప్టు, టర్కీ, బ్రెజిలు, ఆఫ్రికా తీరం, భారతదేశం అన్నింటికీ విత్తనాలు పంపి, గింజ తీసే యంత్రాలు పంపి, ఒక పత్రికను కూడా నడిపినది.

భారతదేశము విషయంలో వారి ఆరోపణ ఒక్కటే: పత్తి ఉన్నది, దారి లేదు. వార్ధా, హింగన్‌ఘాట్ ప్రాంతాల పత్తి ఎద్దుల మీద బొంబాయికి చేరులోపల దుమ్ము పట్టి, వాన తగిలి, ఖరీదు పెరిగి చెడిపోవుచున్నదని వారు చెప్పెడివారు. ఆ సమయంలో వారికి ఒక నాయకుడు దొరికినాడు. ఆయన గోదావరి డెల్టాకు ప్రాణం పోసిన ఆర్థరు కాటన్. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటను దొరకు రైలు మీద నమ్మకము లేదు. నీటిదారి రైలుదారి కంటె ఎన్నో రెట్లు చవుక అన్నది ఆయన జీవితకాలపు వాదము. సముద్రం నుండి గోదావరి మీదుగా, ప్రాణహిత మీదుగా, వార్ధా, వైనగంగల దాకా పడవలు నడిపితే నాగపూరు పత్తి కాకినాడలో ఓడ ఎక్కునని ఆయన లెక్క కట్టినాడు. మాంచెస్టరు ఆ లెక్కను తన జెండా చేసికొన్నది. రాజధానిలో మంత్రుల ఎదుటికి ప్రతినిధి వర్గాలు పోయినవి, విన్నపాలు పోయినవి, పత్రికలలో గోదావరి పేరు మ్రోగినది. పాపికొండల నడుమ నీరు ఎట్లు సుళ్ళు తిరుగునో ఎన్నడూ చూడనివారు లంకాషైరులో కూర్చొని గోదావరి లోతుపాతులు చర్చించినారు!

నదికి మూడు చోట్ల రాతి పట్లు అడ్డు ఉన్నవి. మొదటిది దుమ్ముగూడెం వద్ద. రెండవది ఇంద్రావతి సంగమ ప్రాంతాన ఇంచంపల్లి వద్ద. మూడవది ప్రాణహిత మీద దేవలమర్రి వద్ద. పట్టు ఉన్నచోట నదిలో నీరు రాళ్ళ మీద పరుచుకొని ఉరుకును. పడవ ఎక్కలేదు, దిగలేదు. అక్కడ ఆనకట్ట కట్టి నీటిని నిలిపి, ప్రక్కగా కాలువ తీసి, లాకులలో పడవను మెట్టుమెట్టుగా ఎత్తి దించవలెనన్నది ఉపాయము. కెప్టెన్ హేగ్ అనే మద్రాసు ఇంజనీరు నదిని కొలిచి పని చేపట్టినాడు.

కాని గట్టు ఎవరిది? ఎడమగట్టు నిజాముది. సొంత గడ్డ కాని చోట సొమ్ము పోసి కట్టడాలు కట్టుట, కూలీలను నిలుపుట, పోలీసును పెట్టుట కుంఫిణీ వారసులకు ఇష్టము లేకపోయినది. 1860 డిసెంబరు 26న అఫ్జలుద్దౌలాకు, ఆంగ్ల ప్రభుత్వానికి సంధి కుదిరినది. 1857 తిరుగుబాటులో హైదరాబాదు తమ పక్షమున నిలిచినందుకు ప్రతిఫలముగా 50 లక్షల రూపాయల బాకీని మాఫీ చేసినారు. రాయచూరు అంతర్వేది, ధారాశివం జిల్లాలను తిరిగి ఇచ్చినారు. సురపురాన్ని కూడా ఇచ్చినారు. ఇవి పెద్ద మాటలు. చరిత్ర గ్రంథాలలో ఇవే కనిపించును. వాటి నడుమ ఒక చిన్న మాట ఉన్నది. గోదావరి ఎడమగట్టున నిజాముకు గల తాలూకాలు ఆంగ్లేయులకు చెందవలెను. గోదావరి, వైనగంగల మీద నడిచే సరకుపై ఉభయ ప్రభుత్వాలు సుంకం వేయరాదు.

ఆ తాలూకాల పేర్లు రేకపల్లి, భద్రాచలం, చర్ల, ఆలుబాక, నూగూరు, సిరొంచ. గోపన్న గుడి, దాని క్రింది రేవు, వెనుక అడవి, అడవిలోని కోయలు, కొండరెడ్లు అందరూ ఈ ఒక్క వాక్యంతో చేయి మారినారు. సంధి అంతా పత్తి కోసమే జరిగినదని మేము అనుట లేదు. అట్లనినచో చరిత్రకు అన్యాయము చేసినవారమవుతాము. కాని ఎడమగట్టు చేతులు మారుటకు నౌకాయానమే కారణమని మాత్రము నిస్సంశయముగా చెప్పవచ్చును. మోటుపల్లి రాతి మీద రాజు సుంకము ఇంత అని పరదేశికి చెప్పినాడు. ఇక్కడ పరదేశి సంఘము సుంకమే కూడదన్నది, గట్టు కూడా కావలెనన్నది. ఆ మాట భద్రాచలములో ఏ రాతి మీదనూ ఎవరూ చెక్కలేదు.

మరుసటి సంవత్సరమే మాంచెస్టరు భయపడినది జరిగినది. 1861 ఏప్రిలులో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టినది. ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవులను దిగ్బంధించినవి. లంకాషైరులో మిల్లులు ఆగినవి. 1862 చివరకు దాదాపు 5 లక్షల మంది ధర్మపు గంజి మీద బ్రతికినారు. ఆ కూలివారి ఆకలి నిజమైనది. దానిని మేము తేలిక చేయుట లేదు. దుమ్ముగూడెం పనికి ఆ ఆకలే కొరడా అయినది. డబ్బు మంజూరు అయినది, మనుషులు దిగినారు.

మనుషులు దిగినారు గాని నిలువలేకపోయినారు. గోదావరిలో పని సాగేది వరద తీసిన తరువాత, మరల వరద వచ్చులోపల, ఆ కొన్ని నెలలే. ఆ నెలలలో మన్యపు జ్వరము కాచుకొని ఉండెడిది. డెల్టా నుండి, ఎగువ నుండి తెచ్చిన కూలీలు జ్వరానికి, కలరాకు జడిసి పారిపోయెడివారు. చుట్టుప్రక్కల కోయలకు మట్టి మోసే కూలి అలవాటు లేదు. వారికి పోడు ఉన్నది, అడవి ఉన్నది. ఒక్కొక్క కాలపు వరదకు నిరుడు కట్టినదానిలో కొంత కొట్టుకొనిపోయెడిది. తిండిగింజలు సైతం దిగువ నుండి పడవల మీద రావలసినదే. ఏ నీటిదారిని కట్టుటకు వచ్చినారో ఆ నీటిదారి లేకనే పని కుంటుపడినది!

ఈలోగా రెండు సంగతులు జరిగినవి. 1865లో అమెరికా యుద్ధము ముగిసినది. బొంబాయిలో ఆకాశానికి ఎక్కిన పత్తి ధర నేలకు పడినది. ఎందరో షావుకార్లు దివాలా తీసినారు. 1867లో గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలు నాగపూరు చేరినది. వార్ధా పత్తికి అటు దారి దొరికినది. ఇక అడవిలో మూడు మెట్లు ఎక్కి దిగి కాకినాడ చేరవలసిన పని దానికి లేదు. 1871 అక్టోబరులో ఎగువ గోదావరి పనులను ప్రభుత్వము విడిచిపెట్టినది. అప్పటికి 50 లక్షల రూపాయలకు మించి ఖర్చయినది. నిజాముకు మాఫీ చేసిన బాకీ అంత సొమ్ము నదిలో కలిసినదన్నమాట. మరుసటి యేడు, 1872లో, మాంచెస్టరులోని పత్తి సరఫరా సంఘము కూడా తన పని ముగిసినదని మూతపడినది.

సంఘము మూతపడినది. కాని సంధి మూతపడలేదు. సరిహద్దు ఉన్నచోటనే ఉన్నది. అసలు కథ ఇక్కడ మొదలగుచున్నదని మా అభిప్రాయము.

సిరొంచ కేంద్రముగా ఎగువ గోదావరి జిల్లా అని మధ్యపరగణాలలో ఒక జిల్లాను అప్పటికే నిలిపి ఉన్నారు. పడవలు నడవనప్పుడు ఆ జిల్లా దేనికి? 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు ఇచ్చివేసినారు. దస్తరములో ఇది ఒక కాగితము. అడవిలో అట్లు కాలేదు. పోడు మీద పన్ను మునుపటి కంటె బాగా హెచ్చినది. కొన్ని అడవులలో పోడు కొట్టనే కూడదన్నారు. 1879 మార్చిలో రంపలో పితూరీ లేచినది. నాలుగు నెలలు తిరుగకుండ అది రేకపల్లికి పాకినది. రంపలో మనసబుదారు దౌష్ట్యము, కల్లు మీద పన్ను మొదలైన వేరు కారణాలున్నవి. రేకపల్లివారి మనసులో మాత్రం పోడు బాధ ప్రధానమని ఆ జిల్లా గెజిటీరు వ్రాసినవారే ఒప్పుకొన్నారు. మాంచెస్టరు విన్నపము, హైదరాబాదు సంధి, జిల్లా మార్పు, పోడు పన్ను, పితూరీ: ఈ గొలుసులో ఒక కొస పట్టినవారికి రెండవ కొస ఎన్నడూ కనబడలేదు. విల్లెత్తిన కోయకు మాంచెస్టరు పేరు తెలియదు. విన్నపము వ్రాసినవారికి రేకపల్లి పేరు తెలియదు.

హేగ్ దొర మాత్రము ఒక్క పని మిగిల్చిపోయినాడు. ఆయన ప్రోద్బలంతో దుమ్ముగూడెంలో క్రైస్తవ మిషను నిలిచినది. అక్కడ చాలాకాలం ఉన్న జాన్ కెయిన్ అనే పాదిరి కోయల ఆచారాలను, భాషను గమనించి ఇండియన్ యాంటిక్వరీ అనే పత్రికలో 1876 నుండి వ్యాసాలు వ్రాసినాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల మీద తొలినాటి వివరమైన వ్రాతలలో అవి చేరును. ఆనకట్ట వలన పత్తి రాలేదు గాని, ఆ వ్యాసాలు వచ్చినవి.

గట్టులు విడిపోయిన తరువాత జీవనము ఎట్లున్నదో కొంచెము చూడుడు. కుడిగట్టున బూర్గంపాడు నిజాముది. ఎడమగట్టున భద్రాచలం ఆంగ్లేయులది. కుడిగట్టున చెల్లునది హాలీ సిక్కా, ఎడమగట్టున కలదారు రూపాయి. కుడిగట్టు కచేరీలో వ్రాతకోతలు ఉర్దూలో, ఎడమగట్టు కచేరీలో ఇంగ్లీషులో. రెండు గట్టుల మీదను పల్లెలలో మాట్లాడునది తెలుగు, కోయ. శ్రీరామనవమికి ఖమ్మం, వరంగల్లు దిక్కు నుండి బండ్లు కట్టుకొని వచ్చిన జనము రేవున పడవ ఎక్కి, నాలుగు తెడ్లు వేసినంతలో పరదేశము చేరెడివారు. రాముని కల్యాణానికి కుడిగట్టు ప్రభుత్వమే ముత్యాలు పంపెడిదని చెప్పుకొనెడి ఆచారము ఈ సరిహద్దును లెక్కచేయలేదు. రాజమహేంద్రవరము నుండి పాపికొండల మీదుగా లాంచీలు యాత్రికులను తెచ్చెడివి. వెదురు, టేకు దుంగలు తెప్పలుగా దిగువకు పోయెడివి. కాటను దొర తలచిన నీటిదారి మీద చివరకు నడిచినది ఇదే. పత్తి మూట ఎక్కవలసిన చోట ముడుపు మూట ఎక్కినది.

తరువాతి మార్పులు త్వరగా చెప్పవచ్చును. 1909లో నూగూరు, ఆలుబాక, చర్ల కూడా మధ్యపరగణాల నుండి మద్రాసుకు వచ్చినవి. సిరొంచ అక్కడనే నిలిచి నేడు మహారాష్ట్రలో ఉన్నది. 1948లో కుడిగట్టున నిజాము పాలన పోయినది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడిననాటికి ఎడమగట్టు ఆంధ్ర రాష్ట్రములో, తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నది. 1956లో రెండు గట్టులూ ఒకే రాష్ట్రమయినవి. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను ఖమ్మం జిల్లాలో చేర్చినారు. సంధి నాటి నుండి లెక్కించినచో అది 99వ సంవత్సరము. 1965లో భద్రాచలం వద్ద గోదావరి మీద వారధి తెరచినారు. యాత్రికుడు పడవ కోసం గట్టున నిలువవలసిన పని తీరినది.

2014లో రాష్ట్ర విభజన వచ్చినప్పుడు, పోలవరం ముంపు కారణముగా, భద్రాచలం పట్టణము తెలంగాణలో నిలిచి, చుట్టునున్న పల్లెలు అనేకము ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు చేయి మారినవి. రేకపల్లి సీమ వారికి ఇది ఎన్నవ జిల్లాయో లెక్క పెట్టవలెనన్న వేళ్ళు మడవవలసినదే. ఈసారి కూడ కారణము గోదావరికి అడ్డముగా ఒక కట్టడమే.

దుమ్ముగూడెం ఆనకట్ట చెదరలేదు. దాని దగ్గరనే సీతమ్మసాగర్ అని క్రొత్త బరాజును తలపెట్టినారు. ఇంచంపల్లి పేరు నేటికినీ ప్రాజెక్టుల చర్చలలో వినవచ్చుచున్నది. హేగ్ దొర గుర్తుపెట్టిన పట్టు అదే. వేసవిలో నీరు తగ్గినప్పుడు పర్ణశాల పోవువారు ఒక్క అరగంట దుమ్ముగూడెంలో ఆగితే ఆనకట్ట రాళ్ళు బారుగా కనిపించును. వాటి సందులలో కోయ పిల్లలు గాలము వేసి చేపలు పట్టుచుందురు.